టాబ్లెట్ మీద హీరోస్ 3: కత్తి గుర్తు కనిపించకుండా యుద్ధం ఎలా చేస్తున్నారు?

ఏడోరోజు:

హీరోస్ ఆఫ్ మైట్ అండ్ మ్యాజిక్ 3 అనే, హీరోలతో సైన్యాలను నడిపి కోటలు గెలిచే వ్యూహం ఆటను నేను మొదటి నుంచీ విండోస్ కంప్యూటర్ మీదే ఆడాను. అన్నయ్య, నేను ఒకే కుర్చీలో వంతులవారీగా కూర్చునేవాళ్లం. తన వంతు నడుస్తున్నంతసేపూ నేను గది బయట నిలబడాలి. తన హీరో ఎటు వెళ్తున్నాడో, ఏ గని పట్టుకున్నాడో చూడకూడదు. తలుపు తీసి "ఇక నువ్వు రా" అన్నాకే లోపలికి వెళ్లాలి. ఆ నియమాన్ని మేమిద్దరం ఒక్కసారి కూడా మీరలేదు.

ఇప్పుడు ఇద్దరం దూరంగా ఉంటున్నాం. నా చేతిలో ఎక్కువసేపు ఉండేది టాబ్లెట్. అందుకని ఈ ఆటను టాబ్లెట్ మీదకు తెచ్చుకుందామని చూస్తున్నాను. మిత్రుడి దగ్గర ఉన్న ఒక టాబ్లెట్ రూపం తీసుకుని రెండు వారాలు ఆడి చూశాను. దాని పేరు ఇక్కడ చెప్పను, నింద వేయడం నా ఉద్దేశం కాదు. కానీ అందులో జరిగిన ఒక యుద్ధం గురించి చెప్పకపోతే నా ప్రశ్న మీకు అర్థం కాదు.

నాది డంజన్ కోట. మూడు నల్ల డ్రాగన్లు, పన్నెండు మంది మినోటార్ కింగ్‌లు ఉన్నారు. ఎదురుగా శత్రువు క్రూసేడర్లు. నా మినోటార్లు వాళ్లను అవతలి వైపు నుంచి పట్టుకుని ఉన్నారు. ఇప్పుడు డ్రాగన్లు వెళ్లి క్రూసేడర్లను కొట్టాలి. డ్రాగన్ మంట ఎదురుగా ఉన్న గడితో ఆగదు, దాని వెనక గడిని కూడా కాలుస్తుంది. అక్కడున్నది మనవాళ్లా, పరాయివాళ్లా అని చూడదు. కాబట్టి పక్క నుంచి కొట్టాలి. మౌస్ ఉంటే ఇది క్షణం పని. శత్రువు మీదికి వెళ్తే మౌస్ గుర్తు కత్తిగా మారుతుంది, అటూ ఇటూ కదిపితే ఆ కత్తి తిరుగుతుంది, కత్తి ఏ దిక్కు నుంచి చూపిస్తే దాడి ఆ దిక్కు నుంచి జరుగుతుంది. టాబ్లెట్ మీద నేను క్రూసేడర్లను వేలితో తాకాను. డ్రాగన్లు తిన్నగా ఎదురు నుంచి వెళ్లాయి. క్రూసేడర్ల వెనక నిలబడ్డ నా మినోటార్లలో నలుగురు ఆ మంటలో పోయారు. దిక్కు ఎంచుకునే అవకాశమే నాకు రాలేదు.

నేను ఆట ఆపేసి చాలాసేపు ఆ గడుల వైపే చూస్తూ కూర్చున్నాను. బొమ్మలు బాగున్నాయి, సంగీతం అదే, కోటల్లో కట్టడాలు అవే. నేను ఆడే ఆట మాత్రం అందులో లేదనిపించింది.

నాకు కావలసినవి రెండు. యుద్ధంలో దాడి దిక్కును నేనే ఎంచుకోగలగాలి. రెండోది, అన్నయ్య, నేను కలిసి షాడో ఆఫ్ డెత్ అనే విస్తరణ (అసలు ఆటకు తర్వాత వచ్చిన అదనపు భాగం) ఎడిటర్‌లో తయారు చేసుకున్న మ్యాప్ ఒకటి ఉంది. 144 గడుల పొడవు, అంతే వెడల్పు, కింద భూగర్భం కూడా ఉంది. అందులో నా కోట కాన్‌ఫ్లక్స్. ఆ మ్యాప్ తెరుచుకోవాలి. మా పాత సేవ్ ఫైళ్లు కూడా దాచి ఉంచాను, అవి తెరుచుకుంటే అంతకంటే సంతోషం లేదు. టాబ్లెట్ మీద నిజంగా ఆడుతున్నవాళ్లు చెప్పండి.

బూడిదకోట:

నేను 2015 జనవరిలో వచ్చిన హెచ్‌డీ ఎడిషన్‌ను టాబ్లెట్ మీద ఆడుతున్నాను, ఇష్టంగానే ఆడుతున్నాను. పాత ఆట 800×600 పరిమాణానికి గీసినది. దాన్ని ఇప్పటి స్క్రీన్ మీద చూస్తే బొమ్మలు పలచబడి కనిపిస్తాయి. ఇందులో బొమ్మలన్నీ కొత్తగా గీశారు. గ్రిఫిన్ ఈకలు, లిచ్ చేతి కర్ర స్పష్టంగా కనిపిస్తాయి. సాయంత్రం అరగంట దొరికితే ఒక చిన్న మ్యాప్ మొదలుపెట్టి ఆటలో రెండు వారాలు నడిపి పక్కన పెట్టడానికి నాకు ఇది చాలు.

అయితే మీ మ్యాప్ విషయంలో మాత్రం ఆశ పెట్టుకోకండి. ఈ ఎడిషన్‌లో ఉన్నది 1999లో వచ్చిన అసలు ఆట ఒక్కటే. మొదటి విస్తరణ ఆర్మగెడన్స్ బ్లేడ్ లేదు, షాడో ఆఫ్ డెత్ లేదు. విస్తరణల మూల కోడ్ దొరకలేదని ప్రచురణకర్తలే అప్పట్లో చెప్పారు. కాన్‌ఫ్లక్స్ కోట ఆర్మగెడన్స్ బ్లేడ్‌తో వచ్చింది కాబట్టి ఇందులో కోటలు ఎనిమిదే. యాదృచ్ఛిక మ్యాపులు తయారుచేసే సౌకర్యం కూడా ఆ విస్తరణతోనే వచ్చింది, అదీ ఇందులో లేదు. మీ తొమ్మిదో కోటకు ఇక్కడ చోటు లేదు.

నల్లరెక్క:

ఏడోరోజు గారూ, మీ నలుగురు మినోటార్ల గురించి చదివి నాకు నిజంగా బాధ కలిగింది. ఎందుకంటే నాకూ ఇదే జరిగింది. అప్పటి నుంచి ఈ దిక్కు సమస్య గురించే ఆలోచిస్తూ ఉన్నాను. కొంచెం వివరంగా చెప్తాను.

ఈ ఆటలో సగం వేలి కోసమే పుట్టిందనిపిస్తుంది. మ్యాప్ మీద హీరోను నడపడం గుర్తు చేసుకోండి. ఒకసారి నొక్కితే దారి బాణాలుగా పరుచుకుంటుంది. ఈ రోజు చేరగలిగినంత మేర ఆకుపచ్చ, ఆ తర్వాత ఎరుపు. రెండోసారి నొక్కితేనే గుర్రం కదులుతుంది. పొరపాటున వేలు తగిలినా నష్టం లేదు, మొదటి తాకిడి దారి మాత్రమే చూపిస్తుంది. టచ్ స్క్రీన్లు ఇంటింటికీ రాక ముందే ఎవరో టచ్ స్క్రీన్ కోసం ఆలోచించినట్టు ఉంటుంది. కోటలో కట్టడాలు, గనులు, సైన్యం కొనుగోలు, ఇవన్నీ కూడా వేలికి హాయిగా అమరుతాయి.

యుద్ధభూమి అలా కాదు. 15 గడుల వెడల్పు, 11 వరుసల ఎత్తు. ప్రతి గడికీ ఆరు పక్కలు. మౌస్ గుర్తు నొక్కకుండానే మాట్లాడుతుంది: శత్రువు మీదికి వెళ్తే కత్తి, విలుకాడి నుంచి అయితే బాణం, దూరం ఎక్కువైతే విరిగిన బాణం. విరిగిన బాణం కనిపిస్తే దెబ్బ సగమే పడుతుందని అర్థం. వేలికి "నొక్కకుండా చూపడం" అనే స్థితి లేదు. తాకితే తాకినట్టే. టాబ్లెట్ మీదకు తెచ్చేవాళ్లు అసలు తేల్చుకోవలసినది ఇదే. బొమ్మలు ఎంత నునుపుగా గీసినా, ఈ చిక్కు విప్పకపోతే డ్రాగన్లు, హైడ్రాలు, సెర్బెరస్‌లు ఉన్న సైన్యాన్ని సరిగ్గా నడపలేం. ఆ మూడింటికీ నిలబడిన చోటే బలం.

నేను ఇప్పుడు ఆడుతున్నది వీసీఎంఐ. దాన్ని పోర్ట్, అంటే ఉన్న ఆటనే వేరే రకం కంప్యూటర్ మీదకు మార్చినది, అనడం సరికాదు. 2007లో మొదలుపెట్టి, అభిమానులు ఇంజిన్, అంటే ఆటను నడిపే ప్రోగ్రామ్, మొత్తాన్ని మొదటి నుంచి కొత్తగా రాసి అందరికీ ఉచితంగా తెరిచి పెట్టారు. విండోస్, లినక్స్, మ్యాక్, ఆండ్రాయిడ్, ఐఓఎస్ అన్నింటి మీదా నడుస్తుంది. బొమ్మలు, శబ్దాలు, మ్యాపులు మాత్రం అందులో ఉండవు. మీరు కొనుక్కున్న అసలు ఆట ఫైళ్లను మీరే దానికి ఇవ్వాలి. విస్తరణలన్నీ కలిపిన కంప్లీట్ ఎడిషన్ ఫైళ్లు మీ దగ్గర ఉంటే మంచిది, అప్పుడు మీ కాన్‌ఫ్లక్స్ ఇబ్బంది లేకుండా వస్తుంది. హెచ్‌డీ ఎడిషన్ ఫైళ్లు మీ పనికి సరిపోవు.

ఇక దిక్కు సంగతి. సెట్టింగ్‌లలో వేలిని టచ్‌ప్యాడ్‌లా వాడుకునే పద్ధతి ఒకటి ఉంది. అది పెట్టుకుంటే స్క్రీన్ మీద మౌస్ గుర్తు మళ్లీ కనిపిస్తుంది. మీరు వేలు ఎక్కడ పెట్టినా ఫరవాలేదు, వేలు జరిగిన మేరకు గుర్తు జరుగుతుంది. కింద ఒక మూల బొటనవేలు ఆనించి మెల్లగా కదపండి. గుర్తు క్రూసేడర్ మీదికి వెళ్తుంది, కత్తి అవుతుంది, ఇంకొంచెం పైకి జరిపితే కత్తి తిరుగుతుంది. సరైన దిక్కు వచ్చాక నొక్కండి. మొదటిసారి నా డ్రాగన్ పక్కకు చుట్టి వచ్చి కొట్టినప్పుడు, ఆ మంట ఖాళీ గడి మీద పడి ఆరిపోవడం చూసి నేను ఆ యుద్ధాన్ని మళ్లీ ఒకసారి ఆడాను, అదొక్కటి చూడటానికే.

ఇంకో మంచి కూడా ఉంది. మామూలు తాకుడు పద్ధతిలో ఒక దళం వివరాలు చూడాలంటే వేలు దాని మీదే నొక్కి పట్టుకోవాలి, చూడవలసింది వేలి కిందే దాక్కుంటుంది. టచ్‌ప్యాడ్ పద్ధతిలో వేలు దూరంగా ఉంటుంది కాబట్టి ఏదీ మరుగున పడదు.

మ్యాప్ మీద మాత్రం నేను ఆ పద్ధతి తీసేసి మామూలుగా తాకుతాను. అక్కడ అదే వేగం.

పాత సేవ్ ఫైళ్లు తెరుచుకోవు. ఇంజిన్ వేరు, ఆటను దాచుకునే తీరు వేరు. మ్యాప్ ఫైలు తెరుచుకుంటుంది. మొదట దాని నకలు ఒకటి వేరే చోట దాచుకుని ప్రయత్నించండి.

గెలుపుగుర్రం:

నా అభిప్రాయం వేరు, మొహమాటం లేకుండా చెప్తాను. టాబ్లెట్ మీద ఈ ఆటను ఆడగలం, బాగా ఆడలేం. మొదటి వారం ఎంత బిగువుగా ఉంటుందో ఆలోచించండి. రెండో హీరో కొనాలి, మొదటి హీరో సైన్యాన్ని అతని ద్వారా అందించాలి, దళాల నుంచి ఒక్కొక్కరిని విడదీసి ఖాళీ గడుల్లో పెట్టాలి, ఏడో రోజు లోపు కోటలో సిటాడెల్ గానీ కాసిల్ గానీ అనే కట్టడం కట్టి తీరాలి. కాసిల్ ఉంటే వారం వారం పెరిగే సైన్యం రెట్టింపు. ఈ పనుల్లో సగం నేను కీబోర్డు మీద చేస్తాను. యుద్ధంలో ఆగడానికి డబ్ల్యూ, కాచుకోవడానికి డి, మంత్రానికి సి. చేయి దానంతటదే వెళ్తుంది. వేలితో ప్రతి మీటనూ వెతుక్కుంటూ ఆడితే రెండు గంటల ఆట నాలుగు గంటలవుతుంది, ఆ అలసటలో తప్పులు జరుగుతాయి.

టాబ్లెట్ తప్పనిసరి అయితే దానికి బ్లూటూత్ మౌస్ జత చేయండి. నేను ప్రయాణాల్లో అదే చేస్తాను.

పాతపెట్టె:

పోర్టుల గురించి మాట వచ్చింది కాబట్టి లినక్స్ వైపు నుంచి నేను కొంత చెప్పాలి. ఈ ఆటకు లినక్స్ రూపం మొదటి ఏడాదిలోనే, 1999 చివరలో వచ్చింది. చేసినవాళ్లు లోకీ సాఫ్ట్‌వేర్. ఇతరుల ఆటలను తీసుకుని లినక్స్ మీదకు తేవడమే ఆ సంస్థ పని. అప్పుడు లినక్స్ మీద ఆడుకోవడానికి పెద్ద ఆటలంటూ దాదాపు ఏవీ లేవు. ఆ రోజుల్లో పెట్టె తెరిచి, డిస్క్ పెట్టి, ఈ ఆట కథ జరిగే ఎరాథియా రాజ్యపు సంగీతం నా కంప్యూటర్‌లోంచి వినబడినప్పుడు కలిగిన సంతోషాన్ని నేను ఇప్పటికీ మాటల్లో పెట్టలేను. రాంపార్ట్ కోట సంగీతం వినడానికే కోటలోకి వెళ్లి ఊరికే కూర్చునేవాణ్ణి.

పోర్ట్‌గా అది నిజాయితీగల పని. మౌస్ కదలిక, యుద్ధ గడులు, వారాల లెక్క, ఏ ఒక్కటీ మారలేదు. విండోస్ మీద ఆడే మిత్రుడి పక్కన కూర్చుని పోల్చి చూశాను. అతని మాంత్రిక హీరో సోల్‌మిర్ వేసే చైన్ లైట్నింగ్ మంత్రం, నా సోల్‌మిర్ వేసేదీ ఒకే లెక్కన దళం నుంచి దళానికి దూకేవి. కానీ విస్తరణలు మాకు రాలేదు. విండోస్ వాళ్లు ఆర్మగెడన్స్ బ్లేడ్ ఆడుతుంటే మేము ఎనిమిది కోటలతోనే ఉండిపోయాం. 2002 జనవరిలో లోకీ మూతపడింది. తర్వాత లినక్స్ మారుతూ వచ్చింది, ఆ డిస్క్‌లోని ఫైళ్లు నమ్ముకున్న పాత లైబ్రరీలు, అంటే తోడు ప్రోగ్రాములు, కొత్త కంప్యూటర్లలో లేకుండా పోయాయి. నా డిస్క్ బాగానే ఉంది, ఆట మాత్రం లేవదు. మ్యాక్ మిత్రులకూ ఇలాంటిదే ఎదురైంది. వాళ్ల రూపం పవర్‌పీసీ చిప్ ఉన్న పాత మ్యాక్‌ల కోసం చేసింది. 2011లో వచ్చిన లయన్ అనే మ్యాక్ ఆపరేటింగ్ సిస్టమ్ నుంచి ఆ పాత ప్రోగ్రాములు నడవడం ఆగిపోయింది.

అందుకే నేను ఒక పోర్ట్‌ను చూసినప్పుడు మొదట అడిగేది ఇది: దీన్ని చేసినవాళ్లు లేకుండా పోతే, ఇంకెవరైనా దీన్ని బతికించగలరా? మూసిన పెట్టెలో వచ్చినది చేసినవాళ్లతోనే పోతుంది. వీసీఎంఐ కోడ్ అందరి ముందూ ఉంది. ఒకరు వదిలేస్తే ఇంకొకరు అందుకుంటారు.

ఇంకో సంగతి చెప్పాలని చాలా రోజులుగా ఉంది. లోకీలో పనిచేసిన సామ్ లాంటింగా ఎస్‌డీఎల్ అనే లైబ్రరీని రాశారు. స్క్రీన్, శబ్దం, మౌస్, కీబోర్డు ఏ కంప్యూటర్ మీదైనా ఒకే తీరుగా పలికేలా చేసే సాధనం అది. ఆ సంస్థ పోయినా ఆ లైబ్రరీ నిలిచింది, పెరిగింది. ఇప్పుడు నల్లరెక్క గారు టాబ్లెట్ మీద ఆడుతున్న వీసీఎంఐ కూడా దాని మీదే కట్టింది. నా పెట్టెలో లేవకుండా పడి ఉన్న డిస్క్‌కు, మీ వేలి కింద తిరుగుతున్న కత్తికి మధ్య ఈ దారం ఒకటి ఉంది. నాకు అది చిన్న విషయంగా అనిపించదు.

గెలుపుగుర్రం గారు చెప్పిన కీబోర్డు సంగతి నిజమే. కానీ అందరూ పోటీకి ఆడరు. ఏడోరోజు గారు అన్నయ్యతో ఆడాలనుకుంటున్నారు, అక్కడ నాలుగు గంటలు పట్టినా నష్టం లేదు.

గెలుపుగుర్రం:

ఒప్పుకుంటున్నాను. నేను నా ఆట గురించే ఆలోచించాను. ఏడోరోజు గారూ, మీ ఇద్దరి దగ్గరా వీసీఎంఐ ఒకే వెర్షన్ ఉండేలా చూసుకోండి, అదనపు మోడ్‌లు (ఆటను మార్చే చేర్పులు) ఏమైనా పెట్టుకుంటే అవీ ఒకేలా ఉండాలి. లేకపోతే ఆన్‌లైన్‌లో కలవడం కుదరదు. 144 గడుల మ్యాప్ కాబట్టి కంప్యూటర్ ప్రత్యర్థులను తక్కువ పెట్టుకోండి. నెలలు గడిచేకొద్దీ వాళ్లు ఆలోచించే సమయం పెరుగుతుంది, టాబ్లెట్ వేడెక్కుతుంది.

ఏడోరోజు:

అందరికీ కృతజ్ఞతలు. జరిగింది చెప్తాను.

వీసీఎంఐ పెట్టుకుని, కంప్లీట్ ఎడిషన్ ఫైళ్లు ఇచ్చాను. మా మ్యాప్ తెరుచుకుంది. పైభాగం, భూగర్భం, మా ఇద్దరి కోటల మధ్య మేము పెట్టిన డ్రాగన్ యుటోపియా (డ్రాగన్లు కాపలా ఉండే నిధి స్థలం), అన్నీ ఉన్న చోటే ఉన్నాయి. అన్నయ్య ఒక సూచన పలకలో రాసిన "ఇటు రాకు" అన్న మాట కూడా అలాగే ఉంది. అప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాశాడు.

యుద్ధం చూడాలి కదా. సేవ్ ఫైళ్లు పోతే పోయాయని, వేరే చిన్న మ్యాప్‌లో డంజన్ తీసుకుని డ్రాగన్లు వచ్చేదాకా ఆడాను. నల్లరెక్క గారు చెప్పిన టచ్‌ప్యాడ్ పద్ధతి పెట్టుకున్నాను. మొదటి రెండు యుద్ధాల్లో వేలు ఎంత జరిపితే గుర్తు ఎంత జరుగుతుందో చేతికి అందలేదు, ఒకసారి హార్పీలను పంపవలసిన చోటికి కాకుండా పక్క గడికి పంపాను. మూడో యుద్ధానికి కుదిరింది. శత్రువు వెనక నా మినోటార్లు ఉండేలా కావాలనే నిలబెట్టాను. గుర్తును మెల్లగా పైకి జరిపాను, కత్తి మొన ఎడమకు తిరిగింది, ఇంకా కొంచెం జరిపితే కిందికి. నొక్కాను. డ్రాగన్లు పైనుంచి దిగి కొట్టాయి, మంట కింద ఖాళీ గడి మీద పడింది. మినోటార్లలో ఒక్కరికీ ఏమీ కాలేదు.

పాతపెట్టె గారూ, మీరు చెప్పిన ఎస్‌డీఎల్ కథ అన్నయ్యకు చదివి వినిపించాను. లినక్స్ డిస్క్ ఇంకా దాచి ఉంచారా అని అడగమన్నాడు.

నిన్న మొదలుపెట్టాం. నేను టాబ్లెట్ మీద కాన్‌ఫ్లక్స్, అన్నయ్య కంప్యూటర్ మీద నెక్రోపొలిస్. కంప్యూటర్ ప్రత్యర్థి ఒక్కడే. మొదటి వారం నాలుగో రోజు, నా టౌన్ హాల్ పూర్తయింది, రోజుకు వెయ్యి బంగారం వస్తోంది. ఇప్పుడు అన్నయ్య వంతు. తన హీరో ఎక్కడున్నాడో నా స్క్రీన్ మీద ఎలాగూ కనిపించదు. అయినా టాబ్లెట్‌ను బోర్లించి పెట్టి, "ఇక నువ్వు రా" అని ఫోను వచ్చేదాకా ఇది రాస్తున్నాను.